సమీక్షలో చివరి వంతు

పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, బెంగళూరు శివారు అత్తిబెలెలోని నీటి పంపుల కర్మాగారానికి నన్ను నాణ్యతా విభాగం మేనేజరుగా బదిలీ చేశారు. ప్రతి సోమవారం లోపాల సమీక్ష నేనే నడిపేదాన్ని: ముందుగా పంపిన అజెండా, తొంభై నిమిషాలు, ఇరవై స్లైడ్లు, సాయంత్రానికల్లా ఏం తేలిందో రాసిన మినిట్స్.

హోదాలో నాకంటే రెండు మెట్లు కిందనున్న షిఫ్టు సూపర్‌వైజరు మునిరత్నం రోజూ పొద్దున యంత్రాల మధ్య నిలబడి పన్నెండు నిమిషాల్లో సమావేశం ముగించేవాడు. అక్కడి నవ్వులు నా గదిదాకా వినిపించేవి. నా సమీక్షలో ఎవరైనా నవ్వినట్టు గుర్తు లేదు. రెండింటినీ కలిపి ఒక్కటే చేస్తామనీ, దాన్ని ఎవరు నడపాలో నెలాఖరుకు తేలుస్తామనీ ప్లాంట్ హెడ్ ప్రకటించారు. ఆనాటి నుంచి ఆ నవ్వులు మరీ గట్టిగా వినిపించసాగాయి.

ఆ నెలే లీక్ టెస్టులో తిరస్కరణలు పెరిగాయి. పంపు బాడీని బెంచ్ మీద బిగించి, గాలి నింపి, ఒత్తిడి ఎంత పడిపోతుందో చూడటమే ఆ పరీక్ష. కాస్టింగ్‌లో, అంటే బాడీ పోతలోనే, సన్నని రంధ్రాలున్నాయని మొదటి స్లైడులోనే తేల్చి చెప్పాను. అందరూ తలూపారు. బాడీలను సరఫరాదారుకు తిప్పి పంపడం మొదలైంది.

తప్పు పట్టే ఉద్దేశంతోనే ఒక పొద్దున మునిరత్నం సమావేశానికి వెళ్ళి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. అక్కడొక నియమం ఉంది: అందరికంటే చిన్న ఉద్యోగి ముందు మాట్లాడాలి, సూపర్‌వైజరు చివర.

"చెప్పమ్మా సరళా, మేడం కొరకరులే" అన్నాడాయన.

లీక్ టెస్టు ఆపరేటరు సరళ చెప్పింది: మొదటి బెంచ్ మీద ఫెయిలైన బాడీలే రెండో బెంచ్ మీద పాసవుతున్నాయి; మొదటిదాని మీద గాలి పోకుండా ఆపే రబ్బరు సీలు ఒక పక్క అరిగిపోయింది. అంటే గాలి పోతున్నది సీలు దగ్గర. బాడీల్లో లోపమే లేదు.

ఆమె నా సోమవారం సమీక్షలోనూ వెనక వరసలో కూర్చునేది. అక్కడెందుకు చెప్పలేదని అడిగాను.

"కాస్టింగ్‌దే తప్పని మొదట్లోనే మీరు చెప్పేస్తిరి కదా మేడం. ఇంక నేనేం చెప్పేది?"

సీలు మార్చారు. తిరస్కరణలు తగ్గాయి. మినిట్స్‌లో మాత్రం "నాణ్యతా విభాగం పరిశీలనలో తేలింది" అని రాశాను. అబద్ధమని తెలిసే రాశాను. మునిరత్నం ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చాడు. తన పేరు గురించి అడుగుతాడనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను.

"సరళ పేరు లేదు మేడం. నాది ఒద్దులెండి. ఆయమ్మది లేకుంటే, రేపు ఇంకోటి కనిపించినా నోరు తెరుస్తుందా?"

ఎవరు కనిపెట్టారో, ఏ సమావేశంలో చెప్పారో రాసి, దిద్దిన మినిట్స్ మళ్ళీ అందరికీ పంపాను. నెలాఖరుకు ఉమ్మడి సమావేశం మునిరత్నానికే ఇచ్చారు.

హోదా ఉన్నవారు ముందు మాట్లాడితే, మిగిలినవారికి తెలిసిన విషయం వారి దగ్గరే ఆగిపోతుందని ఆ సీలు వల్ల తెలుసుకున్నాను. విరమణ వరకూ ఆ సమావేశంలో నా వంతు చివరి నుంచి రెండోది, చివరిది ఆయనది. ఆ ఒక్క స్థానం మీద నా ఈర్ష్య తగ్గలేదు. క్రమం మాత్రం సరైనదే.