‘అప్పా’ అని పిలిచినందుకు

మా ఇంట్లో పండగలన్నీ మరుసటి రోజే. ఉగాది కానీ, వినాయక చవితి కానీ, ఊరంతా చేసుకున్న మర్నాడు మేం చేసుకునేవాళ్ళం. మా ఆయన ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనిచేసేవాడు. పండగలొచ్చినా పెళ్ళిళ్ళొచ్చినా ఆ అంగట్లో ఊపిరి తీసుకునే తీరికుండదు. లోకమంతా కొత్తబట్టలు కట్టుకోవాలంటే మా పాప మాత్రం వాళ్ళ నాయన లేకుండా కట్టుకోవాలి. అందుకే మొండికేసి పండగనే ఒకరోజు జరిపేశాను. పంచాంగం రాసినవాళ్ళు వచ్చి అడిగితే జవాబు చెప్పుకుందాంలే అనుకున్నాను. ఎవరూ రాలేదు.

నాది పరిగిలో టీచరు ఉద్యోగం. హిందూపురంలో బాడుగింట్లో ఉండి, పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేదాన్ని. మా ఆయన శనివారం సాయంత్రం రైలుకు వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేవాడు. మా అత్త పెనుకొండలో ఉండేది, సరిగ్గా మా ఇద్దరి మధ్యలో. ఆమెను హిందూపురం రమ్మంటే, “నా గొర్లను నువ్వు మేపుతావా?” అనేది. నేను మేపలేను కదా. దాంతో ఆ మాట అక్కడే ఆగిపోయేది.

కాబట్టి పగలంతా పాప మాకు ఇల్లు బాడుగకిచ్చిన ఇంటివాళ్ళ దగ్గరే. వాళ్ళు కన్నడం వాళ్ళు. మా గోడకానుకునే వాళ్ళ ఇల్లు, ఇద్దరికీ ఒకటే గేటు. ఆ ఇంటాయన మిల్లులో పనిచేసేవాడు, నాకంటే ముందే ఇంటికి వచ్చేవాడు. ఆయన భార్యను నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. వాళ్ళకిద్దరు ఆడపిల్లలు. మా పాప వాళ్ళ మధ్యలో మూడోదైపోయింది. వాళ్ళ కంచంలోనే ముద్దలు తినేది, వాళ్ళ చాప మీదే పడుకునేది. అక్క తన పిల్లలకు కన్నడంలోనూ, మా పాపకు సగం కన్నడం సగం తెలుగులోనూ బుద్ధులు చెప్పేది. నేను వచ్చేసరికి తల దువ్వి, మొహం కడిగి, పౌడరు రాసి పెట్టేది. ఆమె రుణం నేను తీర్చుకోలేదు, తీరేదీ కాదు.

పాప మొదటి అడుగులు వేసింది ఆ ఇంట్లోనే. నేను బస్సు దిగి వస్తూంటే గేటు దగ్గరే అక్క, “టీచరమ్మా, ఈ పొద్దు మీ పాప నడిసె” అని నవ్వుతూ చెప్పింది. నాకు సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదంటే ఏం చెప్పను, పరిగి బస్సు మీద అనుకోండి. ఆ కోపం తగ్గాక అక్కతో, “మా ఆయనకు చెప్పొద్దక్కా” అన్నాను. ఆ ఆదివారం పాపను గోడకు నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి పోయాను. కాసేపటికి ఆయన కేక. పరుగున పోయి చూస్తే పాప మూడడుగులు నడిచి ఆయన మోకాళ్ళ మీద పడి ఉంది. “నేనే చూసినా ముందు, నువ్వు చూళ్ళేదు” అని నన్ను వెక్కిరించాడు. ఇప్పటికీ అదే నమ్మకం. ఇది చదివితే తెలుస్తుంది, తెలియనీ.

నడక సంగతి అలా గట్టెక్కింది కానీ ఆయన దిగులు అది కాదు. శనివారం ఆయన వస్తే పాప కొత్తమనిషిని చూసినట్టు అక్క కొంగు పట్టుకుని నిలబడేది. ఆదివారం మధ్యాహ్నానికి దగ్గరయ్యేది, సాయంత్రానికి భుజం దిగేది కాదు. సోమవారం లేచేసరికి ఆయన ఉండడు. మళ్ళీ శనివారం మొదటికొచ్చేది. “దీనికి నేనెవరో తెలుసునా?” అని అడిగేవాడు నన్ను. తెలియక ఏం అంటే, “తెలిస్తే నాయనా అని పిలవాల గదా” అనేవాడు. వాళ్ళ నాయనను ఆయన చిన్నప్పుడే పోగొట్టుకున్నాడు. ఆ మాట అనే అవకాశం తనకు ఎక్కువ దొరకలేదు, కనీసం వినే అవకాశమైనా ఉండాలని ఆయన ఆశ. ఒళ్ళో కూర్చోబెట్టుకుని “నా... య... నా” అని సాగదీసి చెప్పించేవాడు. పాప ఆయన నోట్లో వేలు పెట్టి నాలుక ఎలా తిరుగుతోందో చూసేది. అమ్మ, అవ్వ, అక్క అన్నీ అనేది. అదొక్కటీ అనేది కాదు.

పాపకు పుట్టువెంట్రుకలు తీయించడానికి పెనుకొండ పోయాం. నేనూ పాపా హిందూపురం నుంచి ఒక రైలుకు ముందే వచ్చి స్టేషన్లో కూర్చున్నాం. ఆయన ధర్మవరం నుంచి ఇంకో రైలుకు రావాలి. రైలొచ్చి ఆగింది. జనంలోంచి ఆయన దిగడం నేనింకా చూడనే లేదు, పాప నా ఒళ్ళోంచి జారి రెండు చేతులూ చాచి గట్టిగా పిలిచింది.

“అప్పా!”

ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మా వైపు తెలుగు తెలిసినవాళ్ళకు ఈ మాట గురించి చెప్పనక్కర్లేదు. ఏమప్పా బాగుండావా, జరుగప్పా, ఎంతప్పా ఈ బెండకాయలు... ఊరూ పేరూ తెలియని ఏ మగవాడినైనా మేం పిలిచే పిలుపు అది. పక్కన శనక్కాయలమ్మే ఆమె పగలబడి నవ్వి, “ఏమప్పా, నీ కూతురు నీతో బేరమాడాలంటాండాది, వచ్చి మాట్లాడుపో” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే పాపను ఎత్తుకున్నాడు కానీ మొహం మాత్రం చిన్నబోయింది.

ఇంటికి పోయి మా అత్తకు చెబితే ఆమె ఊరుకుంటుందా? “వారానికొగసారి మొగం సూపిస్తే అప్పా అనక ఇంగేమంటాది? ఎవురప్పా నువ్వు అనలేదు, సంతోషించు” అని కొడుకును ఆటపట్టించింది. వెంట్రుకలు తీయించి, స్నానం చేయించి, నున్నటి గుండుకు గంధం పూసి, ఆ సాయంత్రం కోట వైపు తిప్పుకొద్దామని బయల్దేరాం. దోవలో ఆయన నాతో మెల్లగా అన్నాడు. “సుట్టాన్ని పిలిచినట్ల పిలిచినా బాగుండు. దోవన పొయ్యేటోన్ని పిలిచినట్ల పిలిచింది గదే.” అంతటితో ఆగినా బాగుండేది. “అంతా నీ నోటి పుణ్యమే. పొద్దున లేస్తే గేటు కాడ కూరగాయలోళ్ళతో ఏమప్పా ఏమప్పా అని నువ్వు చేసే గలాటా వినే కదా నేర్చుకునింది” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బేరమాడేది నా ఇంటి కోసం కాదా? కానీ ఆ మాట నిజమేనేమోనని లోపల గుచ్చుకుంది కూడా. బడిలో పదిమంది పిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని, ఇంట్లో పిల్లకు తండ్రిని ఎలా పిలవాలో నేర్పలేదనిపించుకోవాలా? చూస్తాగా అనుకున్నాను.

అప్పటినుంచి ఇద్దరం ఒకటే పట్టు. పాప అప్పా అనగానే ఆయన వినపడనట్టు అటు తిరిగి కూర్చునేవాడు. అది చేతులు చాపినా ఎత్తుకునేవాడు కాదు. “ఎవురిని పిలుస్తాండావు? ఆ అప్ప ఈడ లేడు పో” అనేవాడు. నేను పక్కనుంచి, “నాయనా అను, ఎత్తుకుంటాడు” అని వంత పాడేదాన్ని. పాప మొదట్లో అది ఆట అనుకుని చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి మళ్ళీ అప్పా అనేది. ఆయన మళ్ళీ ఇటు తిరిగేవాడు. పోను పోను ఆట కాదని అర్థమైంది. పెదవి వణికేది. ఒకసారి ఆయన మనసు కరిగి ఎత్తుకోబోతే నేనే వద్దని సైగ చేశాను. ఇప్పుడు గుర్తు తెచ్చుకోకూడదనుకున్నా ముందుకొచ్చేది ఆ సైగే.

ఇంటివాళ్ళకు ఫోనుండేది. వారం మధ్యలో ఆయన ధర్మవరంలో ఎస్టీడీ బూత్ నుంచి చేసేవాడు. మొదట్లో రిసీవరు చెవికి పెడితే చాలు పాప అప్పా అప్పా అని అందులో అరిచేది. మేం పట్టు వదలకపోయేసరికి అరవడం మానేసింది. అటువైపు ఆయన నాయనా అను, నాయనా అను అంటుండేవాడు. ఇటు పాప రిసీవరు రెండు చేతులతో పట్టుకుని ఊపిరి మాత్రం పీల్చేది. బూతువాళ్ళు టైమైందనేవాళ్ళు, ఆయన పెట్టేసేవాడు. ఇలా కొన్ని నెలలు ఆ పిల్ల తండ్రిని ఏ పేరుతోనూ పిలవలేదు. ఏదైనా కావాలంటే వెనక నుంచి వచ్చి చొక్కా లాగేది.

దసరా వెళ్ళిన మర్నాడు, అంటే మా దసరా రోజు, చివరికి అంది. గుమ్మం పట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, ఒక్కో అక్షరం విడదీసి, “నా... య... నా” అంది. అచ్చం నా బడిపిల్లలు పాఠం అప్పజెప్పినట్టే. ఆయన దాన్ని ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. అక్కావాళ్ళింటికి పోయి వాళ్ళ నోళ్ళలో చక్కెర పోసి వచ్చాడు. అక్క చక్కెర తింటూ ఏదో అడగబోయి, ఆయన సంతోషం చూసి ఊరుకుంది. అప్పుడే అడిగి ఉంటే బాగుండేదేమో.

ఆమె అడిగింది ఆ తర్వాతి ఉగాదికి. వాళ్ళింట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తుంటే సాయానికి పోయాను. ఆమె పూర్ణం ఉండలు పెడుతోంది, నేను ఒత్తుతున్నాను. వాళ్ళ పిల్లలతో పాటు మా పాప కూడా వాకిట్లో ఆడుకుంటోంది. అక్క మామూలుగానే, మాటల్లో మాటగా అంది.

“టీచరమ్మా, అడగాలని శానా దినాలనుంచి ఉండాది. మీ పాప ముందు మా పిల్లోళ్ళ మాదిరే వాళ్ళ నాయనను అప్పా అని ఎంత బాగా పిలుస్తా ఉండె. దాన్ని ఎందుకు మానిపిస్తిరి?”

నా చేతిలో అప్పడాలకర్ర ఆగిపోయింది.

“సాయంకాలము మావాళ్ళు, అప్ప బంద, అప్ప వచ్చె అని గేటు కాడికి పరిగెత్తితే ఇదీ ఎనకనే పోతా ఉండె. మా ఆయన ఎత్తుకుంటానంటే పోయేది కాదు. నా అప్ప యాడ అని దోవ చూస్తా నిలబడతా ఉండె. శనివారానికి వస్తాడమ్మా మీ అప్ప అని చెప్తే లోపలికి వస్తా ఉండె. దినామూ ఇదే కత. నువ్వు బస్సు దిగి వచ్చేలోపలే అయిపోతా ఉండె.”

కన్నడంలో అప్ప అంటే నాయన అని నాకు తెలియదా? హిందూపురంలో ఉండి తెలియనివాళ్ళుంటారా? వాళ్ళ పిల్లలు వాళ్ళ నాయనను అలా పిలవడం ఎన్నో ఆదివారాలు విన్నాను. అయినా తట్టలేదు. ఆరోజు స్టేషన్లో అందరూ నవ్వారు, మేమూ నవ్వాం, ఆ మాటకు అర్థం అక్కడే ఖాయం చేసేశాం. నా నోటినుంచి నేర్చుకుందన్నాడే ఆయన, అదే నిజమైతే పాలవాణ్ణి పిలవాలి కదా, కూరగాయలవాణ్ణి పిలవాలి కదా. ఏ ఒక్కరినీ ఆ మాటతో అది పిలవలేదు. లోకంలో ఒక్క మనిషినే పిలిచింది. ఆ మనిషే అటు తిరిగి కూర్చున్నాడు, నేనే కూర్చోబెట్టాను.

ఓళిగలు సగంలో వదిలేసి ఇంటికొచ్చి ఏడ్చాను. నాకు సాధారణంగా ఏడుపు రాదు, కోపమే వస్తుంది. ఆరోజు కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకలేదు.

మా పాప ఇప్పుడు పెద్దదైంది. నాయనా అని నోరారా పిలుస్తుంది, ఆయన మీద ప్రాణం పెట్టుకుంది. దానికి ఆ రోజులు గుర్తే లేవు, లోటూ లేదు. లోటంతా మాదే. ఇంట్లో లేని తండ్రి కోసం రోజూ గేటు దగ్గర నిలబడి ఎదురుచూసిన పిలుపు అది. కొన్నాళ్ళే ఉండే వయసులో వచ్చిన పిలుపు. ఆయన వినాల్సింది విని కూడా వినకుండా పోయాడు.

ఆ ఉగాది మర్నాడు ఆయన వచ్చాడు. అన్నం పెడుతూ అంతా చెప్పాను. ముద్ద కలిపి కలిపి అలాగే వదిలేశాడు. చేయి కడుక్కుని వచ్చి పాపను పిలిచాడు. అప్పటికి దానికి మాటలన్నీ వచ్చు. గౌను సర్దుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడింది.

“పాపా, ఒగసారి నన్ను అప్పా అను తల్లీ.”

అది ఆయన వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది.

“ఏమీ అనను. ఒగేసారి అను.”

“ఊహూఁ.”

“ఎందుకనవు తల్లీ?”

పాప రెండడుగులు వెనక్కి వేసి చెప్పింది.

“అట్లంటే నువ్వు ఎత్తుకోవు గదా నాయనా.”