పోగు తగలని గోల్ఫ్ కట్టె

మా మంచం కింద గోల్ఫ్ కట్టెలున్నాయంటే భివండీ కామత్‌ఘర్‌లో సగం మంది నమ్మరు, నమ్మిన సగం నవ్వుతారు. ఉండేది రెండు గదులు, ఆట మాత్రం జమీందార్లది అని పక్కింటి అక్క ఇప్పటికీ దెప్పుతుంది. నిజానికి నాకు ఆటతో పనిలేదు. గోల్ఫ్ మైదానం ఫోన్‌లో చూడడమే తప్ప కాలు పెట్టింది లేదు. అంత పచ్చిగడ్డి పెట్టుకుని ఒక్క మేకనూ మేపరెందుకో నాకు అర్థం కాదు. నాకు కావాల్సింది ఆ కట్టెకుండే తల.

ఇప్పటి కట్టెలకు తల ఇనుముదో ఇంకేదో లోహానిదో ఉంటుంది. వెనకటి రోజుల్లో, బంతిని దూరం కొట్టే పెద్ద కట్టెలకు పెర్సిమన్ అనే చెట్టు కలపతో తల చెక్కేవాళ్లు. పిడికిలికంటే కాస్త పెద్దది, బేరిపండు ఆకారం. అడుగున ఇత్తడి రేకు, దానికి మరలు. బంతి తగిలే ముఖాన సన్నటి గీతలు. తలా కాడా కలిసే మెడ దగ్గర నల్లదారం చుట్టు. ఇప్పుడు వాటిని ఎవరూ చెయ్యరు. నాలాంటి పిచ్చివాళ్లు ఏరుకుంటారు.

ఈ పిచ్చి నాకు కాశేలిలో పట్టుకుంది. అక్కడొక గోదాంలో పనిచేస్తాను. ముంబైలో పాత బంగళాలు ఖాళీ చేసినప్పుడు వచ్చే బల్లలు, అద్దాలు, పెట్టెలు మా దగ్గర దిగుతాయి. ఫోటో తీసి నంబరు చీటీ అంటించడం నా పని. ఒకరోజు చినిగిన తోలు సంచీ ఒకటి వచ్చింది, నిండా కట్టెలు. భంగార్‌లో, అంటే తుక్కులో, పడెయ్యమన్నాడు మేనేజరు. పడెయ్యడానికే ఒకటి పైకి తీశాను. తల అరచేతిలో పడింది. నేననుకునేలోపు నా చెయ్యి అనేసింది, ఇది నాడె అని.

నాడె అంటే మరమగ్గం, మా మాటలో సాంచా, దాని మీద అటూ ఇటూ పరుగెత్తి పేకదారం వేసే కట్టె పడవ. భివండీలో ధోటా అంటారు. నేను నడక నేర్చింది సాంచాల మధ్యే. అరిగిన నాడెలే నా ఆటబొమ్మలు. ఆ బరువు, ఆ చల్లదనం, ఆ నునుపు నాకు కొత్త కాదు. తరవాత ఫోన్‌లో వెతికితే తెలిసింది, చలిదేశాల్లో ఈ కలపనే నాడెలకూ వాడేవాళ్లట. అంతేకాదు, ఈ పెర్సిమన్‌కూ మన తునికికీ అన్నదమ్ముల వరసట. మా అమ్మమ్మ బతుకంతా తునికాకు కత్తిరించి బీడీలు చుట్టింది. ఎండాకాలం ఊరికి పోతే మేకలు కాసేవాళ్లు తునికిపండ్లు తెచ్చిపెట్టేవాళ్లు, తిన్నాక నాలుక వగరుగా ఉండేది. అట్లాంటి చెట్టుకు చుట్టం ఇంత దూరం వచ్చి భంగార్‌లో పడబోతుంటే ఊరుకోబుద్ధి కాలేదు. కళ్యాణ్ స్టేషన్‌లో సొంతూరి మనిషి కనబడ్డట్టు అనిపించి, అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

అప్పట్నుంచి ఏ సంచీ వచ్చినా ముందు నేనే విప్పుతాను. అంజూర్ ఫాటా భంగార్ దుకాణాల వాళ్లకు కూడా నా సంగతి తెలిసిపోయింది, ఇనుప తలలు అమ్ముకుని కట్టె తలలు నాకు పక్కన పెడతారు. మంచి తలకు చెక్కలోని చారలు మెడనుంచి ముక్కుదాకా దువ్విన జుట్టులా సాగుతాయి. ఇత్తడి రేకు మరల గాట్లు చెదరకుండా ఉంటే ఇంతకుముందు ఎవరూ విప్పలేదని అర్థం. రేకును మెరిపించకూడదు, మెరిపిస్తే దాని మీది ముద్ర అరుగుతుంది. మెడకు దారం చుట్టడంలో నాకు గురువు అక్కర్లేదు. చిన్నప్పుడు కండెలు చుట్టిన చేతులివి. ముడి లేకుండా చుట్టి కొసను చుట్టు కిందికే లాగేస్తే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో ఎవరికీ దొరకదు.

ఇదంతా ఓపికతో చేశానని అనుకోకండి. నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాదు. వార్నీషు ఆరేలోపు నాలుగుసార్లు వేలుపెట్టి చూస్తాను, వేలిముద్ర పడుతుంది, మళ్లీ గీకుతాను. మా ఆయనకు సాంచాల పని పోయాక ఆ కుదురు మరీ తప్పింది.

మా ఆయన సాంచాల మిస్త్రీ. అందులోనూ నాడెల మిస్త్రీ. ఏ నాడె ఎందుకు ఎగిరిపడుతోందో, ఏది పోగులు తెంపుతోందో చప్పుడు విని చెప్పేవాడు. మా గోడకు ఆనుకునే, ఆయన పనిచేసే సేఠ్ కార్ఖానా ఉండేది. ఆ అదురుకు మా ఇంట్లో స్టీలు గ్లాసులు అరలో నడుస్తుండేవి. సేఠ్ పాత సాంచాలు తూకానికి అమ్మేసి, ఊరి బయట రేపియర్ సాంచాలు పెట్టాడు. వాటికి నాడె ఉండదు, దారాన్ని ఇనుప చెయ్యి ఒకటి లాక్కుపోతుంది. నాడె లేనిచోట నాడెల మిస్త్రీ ఎందుకు?

ఆనాటినుంచి గ్లాసులు పెట్టినచోటే ఉన్నాయి, మా ఆయన మాత్రం ఉండలేదు. కాలుకాలిన పిల్లిలా తిరిగేవాడు. పొద్దున్నే తయారై షేర్ ఆటో ఎక్కి అంజూర్ ఫాటా పోయేవాడు, లారీలు చూసి వచ్చేవాడు. ఒక గోదాంలో కాపలా ఇప్పిస్తే కుర్చీలో కూర్చోలేక వదిలేశాడు. ఒకసారి సూరత్ పోయి కొన్నాళ్లుండి చిక్కిపోయి వచ్చాడు. ఆ కొన్నాళ్లూ నేను వంటింట్లో నిలబడే తిన్నాను, ఒక్కదానికి కంచం ముందు కూర్చోబుద్ధి కాక. ఆ తరవాత మాలేగావ్ పాట ఎత్తుకున్నాడు. అక్కడ నాడె సాంచాలు ఇంకా ఆడుతున్నాయట, మిస్త్రీలు కావాలట. సంచీ కూడా సర్దాడు. తలుపు పక్క మేకుకు ఆ సంచీ వేలాడుతుంటే నాకు భయంగా ఉండేది. పోతే ఈసారి తిరిగి రాడనే భయం. వచ్చేపోయేటప్పుడల్లా దానివైపే చూసేదాన్ని.

ఈ కట్టెలంటే ఆయనకు పడేది కాదు. "నాడెలు భంగార్‌ల పోయినయ్, నువ్వేమో భంగార్‌లకెల్లి కట్టెలు ఏరుకొస్తున్నవ్" అన్నాడొకసారి.

అప్పుడొచ్చాడు థానే నుంచి ఒక పెద్దాయన, మా మేనేజరుకు తెలిసిన మనిషి. ఆయన చేతిలో పెర్సిమన్ కట్టె ఒకటుంది, పెళ్లికాకముందు కొనుక్కున్నదట. మెడ చీలింది, దారం ఊడింది. దోస్తులంతా కలిసి పాత కట్టెలతోనే ఒక ఆట పెట్టుకున్నారట, ఈ కట్టెతోనే ఆడాలని ఆయన పట్టుదల. ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాడు. నేను చీలికలోకి జిగురు పట్టించి, బిగించి, మెడకు దారం చుట్టి, ఆరడానికి మూలన నిలబెట్టి పనికి పోయాను. మెడ పచ్చిగా ఉంది, పట్టుకోవద్దని మాత్రం మా ఆయనకు చెప్పాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు, ముఖం వెలుగుతోంది. ఎన్నో నెలల తరవాత ఆయన రేకు డబ్బా తెరిచి ఉంది. ఆకురాయి, గాజుకాగితం, లక్క అన్నీ చాప మీద పరిచి ఉన్నాయి. మెడను ముట్టనే లేదట. కట్టెను ముఖం పైకి తిప్పి నా చేతికిచ్చాడు.

"చూడు. ఇప్పుడు ఏ పోగుకు తాకినా తెగది."

గీతల్లేవు. ఒక్కటీ లేదు. నాడె మిస్త్రీ కళ్లకు కట్టె మీద గీత అంటే దెబ్బే. నాడె మీద గోరంత గరుకున్నా పోగులు తెగుతాయి, బట్ట పాడవుతుంది. అందుకే వాళ్లు అరగదీశాక దూదిపింజ వేసి లాగి చూస్తారు. దూది ఎక్కడైనా పట్టుకుందా, ఇంకా పనుందన్న మాట. ఈయన ఆ ముఖాన్నంతా గాజుకాగితంతో అరగదీసి, మిగిలిన పల్లాల్లో లక్కా కట్టెపొట్టూ నింపి, రంగు పూసి, దూది జారిపోయేదాకా నునుపు చేశాడు. పని మాత్రం ఎంత బాగుందో చెప్పలేను. అద్దంలా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అది నాడె గాదు. దానికి పోగు యాడున్నది?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గాజుకాగితం మడిచి డబ్బాలో పెట్టి మూత వేశాడు.

"ఐతారం సార్ వచ్చిపోయినంక, నేను మాలేగావ్ పోతున్న" అన్నాడు.

ఆదివారం దాకా నేను తోమిన గిన్నెలే మళ్లీ తోమాను. గీతలు తిరిగి గియ్యాలని చూశాను, స్కేలు నిలబడలేదు. ఆ ముఖం చూడ్డానికే చదును, నిజానికి అటూ ఇటూ, పైకీ కిందికీ ఉబ్బి ఉంటుంది. పెన్సిలు గీత మధ్యలో ఒకచోట, కొసల్లో ఇంకోచోట తేలింది. తుడిచేసి వదిలేశాను. కట్టె పాడైనందుకు కోపమే, కానీ కట్టెను వదిలి ఆ సంచీనే ఎత్తి చూశాను, ఇంకేమైనా సర్దాడేమోనని.

పెద్దాయన వచ్చి మెడ చూసి మెచ్చుకున్నాడు. తరవాత బొటనవేలితో ముఖం తడిమాడు. మళ్లీ తడిమాడు. స్టూలు మీద కూర్చుని మంచినీళ్లడిగాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, మా ఆయన నాడెల మిస్త్రీ అనీ, గీతల్ని దెబ్బలనుకున్నాడనీ. ఆయన కోప్పడలేదు, అట్లా అని పర్లేదనీ అనలేదు. ఆ గీతల్ని చూసుకునే తాను కాళ్లు సర్దుకుని నిలబడతాడట. అవి లేకపోతే ఎటు కొడుతున్నాడో ఆయన కంటికి తెలియదట. ఇక ఇనుపదానితోనే ఆడతానని లేచాడు. ముఖం మాత్రం చిన్నబోయింది.

గడపలో చెప్పులేసుకుంటున్న మా ఆయన ఆగాడు. ఎన్ని గీతలుండేవని హిందీలో అడిగాడు. పెద్దాయనకు గుర్తులేదు. ఏళ్లతరబడి చూశాడే గానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నేను మంచం కిందికి దూరి అదే తయారీ కట్టె ఒకటి లాగాను, దాని గీతలు చెదరలేదు. మా ఆయన దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసి చెప్పులు విడిచాడు. డబ్బా అడుగునుంచి విరిగిన పన్నె ముక్కలు రెండు తీశాడు. సాంచా మీద పోగుల్ని ఎడంగా నిలబెట్టే ఇనుప దువ్వెనను పన్నె అంటాం. ఒక ముక్కను కట్టె ముఖానికి ఈ పక్క, రెండోదాన్ని ఆ పక్క కట్టి నావైపు చూశాడు.

"నాలుగు పండ్లకొక పోగు పట్టు. బిర్రుగ ఉండాలె."

ముఖం మీద అచ్చు పడేలా దారానికి నీలిరంగు పట్టించి, పన్నె పండ్లలోంచి ఈ కొసనుంచి ఆ కొసకు లాగుతూ పోయాను. స్కేలు నిలబడనిచోట బిగించిన దారం నిలబడింది, ఉబ్బు మీద ఒంపు తిరిగి కూడా వరస తప్పలేదు. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మా మధ్యకు వంగి చూస్తున్నాడు. చివరి పోగు బిగించాక మా ఆయన వేలితో మీటాడు, సన్నగా మోగింది.

"ఇగో, పోగు" అన్నాడు.

నన్ను చూసి అనలేదు. నాకు కళ్లు మసకబారి దారం కొస దొరకలేదు. పెద్దాయనకు ఏమీ తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోసి, రంగేసి, ఆరాలి, మంగళవారం రమ్మని మా ఆయనే ఆయనతో చెప్పి పంపాడు.

మధ్యాహ్నమంతా ఆయన సన్నరంపం ముక్కతో నీలి అచ్చు వెంబడి గీతలు కోశాడు. నేను తలను ఒళ్లో పెట్టుకుని కదలకుండా పట్టుకున్నాను. కదలకుండా కూర్చోవడం నాకు ఎంత కష్టమో ముందే చెప్పాను. ఒక గీత కొసన వెంట్రుకవాసి పక్కకు పోయింది. సార్‌కు కనబడదులే అన్నాను. కనబడుతుందన్నాడు, అయినా దాన్ని అట్లాగే ఉంచాడు. కోయడం అయిపోయాక అలవాటు కొద్దీ దూదిపింజ తీసి ముఖం మీద లాగాడు. ప్రతి గీత దగ్గరా దూది చిక్కుకుంది. ఆ పింజను కాసేపు అట్లాగే చూశాడు. బతుకంతా దూది పట్టుకోకుండా చెయ్యడమే ఆయన పని.

"పట్టుకోవాలె గదా ఇది" అని తనలో తనే నవ్వుకున్నాడు.

ఇక రంగు రుద్దాలి. దానికి ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుబట్ట కావాలి, కొత్తబట్ట గీరుతుంది. నేను వెతకడానికి లేచాను. ఆయన నన్ను కూర్చోమని తనే లేచి తలుపు పక్కకు పోయాడు. మేకుకున్న సంచీ విప్పి, మాలేగావ్‌కని మడిచి పెట్టుకున్న పాత లుంగీ బయటికి లాగాడు. పంటితో అంచు కొరికి నిలువునా రెండుగా చింపి, సగం నా చేతికిచ్చాడు.