బావగారి కింది వాటా

మా బావ భీమశంకరరావుకి నరసన్నపేటలో కిరాణా కొట్టుంది. ఆ వెనక వీధిలోనే ఇల్లు. కట్టుకున్నప్పుడు పైన గాలి బాగా వస్తుందని తాము పైన చేరి, కింది వాటా అద్దెకిచ్చారు. స్థలం చిన్నది కావడంతో మేస్త్రి మెట్లు నిటారుగా కట్టాడు. అప్పట్లో మా అక్క బుజ్జమ్మ నీళ్ల బిందెతో ఎక్కేది. 2016 వానాకాలం వచ్చేసరికి ఉత్త చేతులతో కూడా ఎక్కలేకపోయింది. మోకాళ్లు అరిగిపోయాయని, మెట్లెక్కడం మానకపోతే మంచాన పడుతుందని శ్రీకాకుళం డాక్టరు చెప్పాడు. బావకి కావలసింది ఒక్కటే, తన ఇంట్లో తాను కిందికి దిగడం. ఇదేమైనా గొంతెమ్మ కోరికా?

కింద ఉంటున్న నాగబాబు హైవే మీద టైర్ల షాపులో పనిచేస్తాడు. ఖాళీ చెయ్యమంటే కిక్కురుమనకుండా సరేనన్నాడు, ఇల్లు వెతకడం కూడా మొదలుపెట్టాడు. ఈలోగా అతని భార్య రాణికి అయిదో నెలని తెలిసింది. కడుపుతో ఉన్న మనిషిని గడప మార్చకూడదు, అద్దెకున్నవాళ్లయినా సరే, ఆ పాపం మనకొద్దు అంది అక్క. ఎవరి మోకాళ్ల కోసం ఇదంతా మొదలైందో ఆవిడే అడ్డం పడితే బావ ఏం చేస్తాడు? పోనీ వాళ్లని పైకి పంపి మనం దిగుదామన్నాడు. పైదీ వేరే గడపే, పైగా ఆ పిల్ల చేత ఈ మెట్లెక్కిస్తారా అని అక్క వాయించింది.

రాణి పురిటికి పుట్టింటికి వెళ్లింది. ఇప్పుడు నాగబాబు ఒక్కడే కదా, పంపేద్దామన్నాడు బావ. కుదరదంది అక్క. తల్లి ఏ గడప దాటి వెళ్లిందో బిడ్డని ఆ గడపలోకే తేవాలట. తెచ్చారు. తెచ్చేసరికి ఆషాఢం. శూన్యమాసంలో ఇల్లు మారే మొనగాడు మా ఊళ్లో ఇంకా పుట్టలేదు. బావ కొట్లో పప్పు తూస్తూ నా మీద విరుచుకుపడ్డాడు.

"ఒరే, నా ఇంట్లోకి నేను దిగడానికి ఎవరెవరి నెలలు సూసుకోవాలేటిరా?"

శ్రావణంలో నాగబాబు కొత్తింట్లో పాలు పొంగించుకుని, తాళం చెవి బావ చేతిలో పెట్టాడు. బావ వాటా అంతా కడిగించి వెల్ల వేయించాడు. మంచం దింపుదామనుకున్న రోజునే కొత్తవలస నుంచి మా మేనకోడలు సింధు ఫోను. పెళ్లయిన అయిదేళ్లకి నీళ్లోసుకుంది. అక్క ఏడుస్తూ, నవ్వుతూ ఫోను పెట్టేసి, మంచం దింపొద్దంది.

కూతురు ఎక్కడో అత్తారింట్లో ఉంటే మనం గడప మారకూడదా అని బావ నోరెత్తాడు.

"పురిటికి దాన్ని ఏ గడపలోకి తెస్తామండీ?" అంది అక్క. "అయిదేళ్లకి నిలిసిన కడుపది. నా మోకాళ్ల కోసం ఇల్లు మారిస్తే, దానికేటైనా అయితే మీరు ఓర్సుకోగలరా?"

బావ మంచాన్ని పైనే ఉంచేశాడు. నాకు ఒళ్లు మండింది, అక్క మీద కాదు, బావ మీద. ఏడాదిగా ఆ పట్టింపులన్నిటినీ తిట్టిపోసిన మనిషి, తన కూతురి దాకా వచ్చేసరికి ఆవిడకన్నా ఎక్కువ భయపడ్డాడు. దీపం లేని ఇల్లు అడుగున పెట్టుకుంటే పిల్లకి మంచిది కాదని, కింది వాటా మళ్లీ ఒక బడి మాస్టారికి అద్దెకిచ్చాడు. కొన్నాళ్లకైతే రామన్నారు కాబట్టి ఏడాది కదిలించనని మాట కూడా ఇచ్చాడు. ఈ సంగతేదీ సింధుకి చెప్పలేదు. తన వల్ల అమ్మ మెట్లెక్కుతోందని తెలిస్తే బెంగ పెట్టుకుంటుందని అక్క దాచింది.

మార్గశిరంలో, ఏడో నెల రాగానే అల్లుడు సింధుని కారులో తీసుకొచ్చాడు. కారు దిగిన పిల్ల నేరుగా కింది వాటాలోకి వెళ్లబోయి, గుమ్మంలో మాస్టారి భార్యని చూసి ఆగిపోయింది. బిడ్డ బాగా కిందికి ఉందని, మెట్లు అసలు ఎక్కకూడదని డాక్టరు చెప్పిందట. నాగబాబు ఖాళీ చేశాడని తెలుసు కాబట్టి, అమ్మావాళ్లు ఎప్పుడో కిందికి దిగే ఉంటారనుకుంది తను.

మాస్టారి భార్య, పాపం, తన ముందు గది ఇస్తానంది. పుట్టింటికని తెచ్చి అద్దెవాళ్ల గదిలో పెట్టలేనంటూ అల్లుడు కారు వెనక్కి తిప్పాడు. పురుడు అత్తారింట్లోనే అని తేలిపోయింది. ఆ కుర్రాణ్ణి తప్పు పట్టలేం.

అక్క ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, జారుకుంటూ కిందికి వచ్చింది. సింధు ఆవిడ చేతులు పట్టుకుంది.

"నువ్వు కిందకి దిగిపోయుంటే నీ దగ్గరే ఉండేదాన్ని కదే అమ్మా."

నీ కోసమే దిగలేదే అని చెప్పబోయి అక్క ఏడ్చేసింది.

కారు వెళ్లిపోయాక బావ ఎవర్ని తిట్టాలో తెలియక నన్ను తిట్టాడు. పడ్డాను. అక్కని మళ్లీ పైకెక్కించాలి, ఆయనొక్కడి వల్లా అయ్యే పని కాదు.