నీ తోడు చెల్లె

జహీరాబాద్‌లో లారీ మెకానిక్ అయిన మా అన్న, ఏం చెప్పినా నా నెత్తి మీద చెయ్యి పెట్టి "నీ తోడు చెల్లె" అనేవాడు. బీడీలు మానేశానన్నదీ అట్లాగే చెప్పాడు. గుండె ఆపరేషన్‌కు ముందు పట్నం డాక్టర్ గుచ్చి గుచ్చి అడిగితే, "నెలలైంది సార్, మా చెల్లెనడుగున్రి" అన్నాడు. నేను డాక్టర్‌తో వాదించి మరీ సాక్ష్యం చెప్పాను.

ఆపరేషన్ ఒక్క పూటలో అయిపోయింది. ఆ తర్వాత వెంటిలేటర్ తీస్తే ఊపిరి అందలేదు. ఐసీయూలో పదకొండు రోజులు. ఆపరేషన్‌కు దాచిన డబ్బు మూడో రోజుకే అయిపోయింది. మిగతా రోజులకు మొగుడంపల్లిలో నా పేరున్న అల్లం చెలక భూమి అమ్మాను.

"మొన్నటిదాకా బీడీలు తాగిన్రమ్మా. మానినంక చేస్తే ఇన్ని రోజులు పట్టకపోతుండె" అన్నాడు డాక్టర్.

వదినెను నిలదీశాను.

"నాకెరుకే పిల్లా. చెప్తే ఆపరేషన్ ఆపుతరని భయపడ్డడు. నీ నోరు ఆగదని నీకు చెప్పొద్దన్నడు."

అన్న బతికాడు. వార్డులో నన్ను చూసి, "చెలక మళ్ల కొనిస్త చెల్లె" అన్నాడు.

"చెలక అడిగితే ఇస్తుంటి. నాతోటి అబద్ధం ఎందుకు చెప్పించినవ్?" అన్నాను.

దిండును కుట్ల మీద అదుముకుని దగ్గాడు. ఆ దగ్గు నిజమో కాదో కూడా తేల్చుకోలేకపోయాను.