కట్టు విప్పేటప్పుడు నలుగురూ ఉండాలి

నిన్న మంగళగిరి దగ్గర ఒక శిక్షణ శిబిరంలో పాఠం చెప్పడానికి వెళ్ళాను. హాల్లో అడుగు పెట్టేసరికి టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, పళ్ళు జివ్వుమనేలా. ఎవరూ చెప్పకుండానే డాక్టర్లు ముందు వరుసలో కూర్చున్నారు. నర్సులు గోడవారగా సర్దుకున్నారు. ల్యాబ్ వాళ్ళూ, మా ఫార్మసిస్టులూ తలుపు దగ్గర. కులాన్ని ఆసుపత్రి గేటు బయటే వదిలేశామని గొప్పలు చెప్పుకుంటాం గానీ, లోపలికొచ్చి కోటు పొడవుని బట్టి దాన్ని మళ్ళీ కట్టుకుంటాం. డాక్టర్ సుశీల గారు ఉంటే ఆ వరుసల్ని ఒక్క నిమిషం కూడా సహించేవారు కాదు. పోయిన ఏడాది గుణదలలో ఆవిడ కన్నుమూశారు. ఆవిడను ఎరగని మీకు ఆవిడ గురించి చెప్పాలని ఆ చప్పుడు వింటున్నప్పుడే అనిపించింది.

విజయవాడలో నేను ఫార్మసీ చదివే రోజుల్లో, మా కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో ఆవిడ ప్రొఫెసరు. పొట్టి మనిషి, నూలు చీర, బిగ్గరగా నవ్వే గొంతు. డాక్టర్లకూ నర్సులకూ ఫార్మసిస్టులకూ ఫిజియోథెరపీ వాళ్ళకూ చదువులు వేరైనా, రోగి ఒక్కడే కదా అని వాదించి, పెద్దలతో పోట్లాడి, చివరి సంవత్సరం విద్యార్థులకు ఒక ఉమ్మడి తరగతి పెట్టించారు. నలుగురికొక జట్టు, జట్టుకొక రోగి. మా జట్టులో మెడికల్ విద్యార్థి కిరణ్, నర్సింగ్ విద్యార్థిని జ్యోతి, ఫిజియోథెరపీ చదివే జానీ, నేను. మొదటి రోజు కిరణ్ మాకు పనులు పంచిపెట్టబోతే ఆవిడ నవ్వారు. "ఏం బాబూ, నువ్వేమన్నా పెళ్ళిపెద్దవా?"

ఆవిడ క్రైస్తవురాలు. ఆదివారం చర్చి మానరు. నేనేమో సభల్లో మైకు దొరికితే చాలు, దేవుణ్ణి నిలబెట్టి కడిగేసే రకం. గుణదల మేరీమాత ఉత్సవాల్లో కొండెక్కే జనాన్ని గురించి ఒకసారి ఆవిడ ముందే వెటకారం చేశాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ తాపీగా అన్నారు: "నాతో వాదించు, వద్దనను. కానీ ముందు నా పక్షం నువ్వు చెప్పు. నేను విని, అవును, నేననేది ఇదే అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఖండించు." నేను చెప్పబోయాను. మూడుసార్లు తల అడ్డంగా ఊపారు. ఎదుటివాడి పక్షాన్ని ముందుగా నిజాయితీగా చెప్పడాన్ని మన తర్కంలో పూర్వపక్షం అంటారు. ఆ మాట నేను వేదికల మీద వందసార్లు వాడినవాణ్ణే. దాన్ని చేసి చూపించమని అడిగిన మొదటి మనిషి మాత్రం ఒక భక్తురాలు. ఉమ్మడి తరగతిలోనూ ఆవిడ పెట్టిన నియమం అదే. ఎవరి పని వాళ్ళు చెప్పుకోకూడదు, పక్కవాడి పని చెప్పాలి, పక్కవాడు తలూపాలి. నేను జానీ పని చెప్పాలి, జ్యోతి కిరణ్ పని చెప్పాలి. మొదట్లో మాకది ఆటలా ఉండేది.

మా జట్టుకు ఇచ్చిన రోగి నాగరత్నమ్మ. కంకిపాడు అవతలి పల్లెలో నాట్లకూ కలుపుకూ వెళ్ళే మనిషి. షుగరు ముదిరి అరికాలు మొద్దుబారిపోయింది. ముల్లు దిగినా తెలియలేదు. పుండయ్యాక వచ్చింది. వారాలు గడిచినా గాయం పూడలేదు. ఒక ఉదయం రౌండ్సుకొచ్చిన సర్జన్ గారు మంచం దగ్గర నిలబడకుండానే తేల్చేశారు: "ఇక లాభం లేదు. రేపు పాదం తీసేద్దాం." నాగరత్నమ్మ ఏడవలేదు. మా వంక చూసి, "బురదలో నిలబడేదాన్ని, ఒంటికాలితో ఎట్టా నాటేదయ్యా?" అని మాత్రం అడిగింది.

సంగతి విన్న సుశీల గారు మధ్యాహ్నం మమ్మల్ని మంచం చుట్టూ నిలబెట్టారు. "కట్టు విప్పు జ్యోతీ. విప్పేటప్పుడు నలుగురూ ఉండాలి." జ్యోతి విప్పింది. మునివేళ్ళ కింద, బరువంతా పడేచోట పుండు. అంతవరకూ కట్టు మీదనుంచే ఆ కాలిని చూసిన జానీ మొహం పాలిపోయింది. అప్పుడు ఆవిడ మమ్మల్ని వదిలేసి రోగి పక్కన కూర్చున్నారు. "నీకు ఎవరేం చెప్పారమ్మా?"

"అదేందమ్మా, అందరూ మంచే చెప్పారు," అంది నాగరత్నమ్మ. "పొద్దున్నే ఈ పిల్లొచ్చి కాలు కింద పెట్టొద్దంటది. సరేనంటా. ఎనకాలే ఈ అబ్బాయొచ్చి మంచాన పడి కండ కరిగిపోద్ది, వరండా అంతా నడువమంటాడు. సరేనంటా. ఆ డాక్టరు బాబొచ్చి నడిస్తేనే షుగరు తగ్గుద్దంటాడు. ఇదిగో, ఈ కళ్ళజోడబ్బాయేమో మందులు టయానికి ఏసుకో, అంతా అదే సర్దుకుంటదంటాడు. నలుగురూ సదువుకున్నోళ్ళే. ఎవుర్ని కాదనేది? ఆఖర్న ఎవురొస్తే ఆళ్ళ మాట వింటన్నా."

జానీకి అందిన కబురు కాళ్ళలో బలం తగ్గిందని మాత్రమే. కిరణ్ చూసింది షుగరు అంకె. జ్యోతి చూసింది గాయం. నేను మందుల వేళలు చూశాను. ఎవరి పుస్తకం ప్రకారం వాళ్ళం సరిగ్గానే చేశాం. ఆ నాలుగు సరైన పనులూ కలిసి ఒక మనిషి కాలు తినేస్తున్నాయి. "నేను ఆ పుండు మీదే నడిపించాను మేడమ్," అన్నాడు జానీ. ఆవిడ అతన్ని ఓదార్చలేదు, తిట్టనూ లేదు. "రేపు సర్జన్ గారికి చెప్పండి," అన్నారు.

"మీరే చెప్తే బాగుంటుందేమోనండీ," అన్నాను నేను.

"నేను చెప్తే ప్రొఫెసరమ్మ అడ్డొచ్చిందంటారు. మీరు చెప్తే పేషెంటు సంగతి వింటారు." నావైపు తిరిగి కళ్ళెగరేశారు. "దేవుడు లేడని మైకు పట్టుకుని అరుస్తావే, సర్జన్ ముందు నోరు పెగలదా?"

మర్నాడు రౌండ్సులో ఆవిడ నేర్పిన పద్ధతిలోనే చెప్పాం. కిరణ్ గాయం సంగతి చెప్పాడు, కట్టు ఎన్నిసార్లు తడిసిందో సహా. జ్యోతి షుగరు ఎలా తగ్గుతూ వచ్చిందో చెప్పింది. జానీ మందుల సంగతి చెప్పాడు. నడక సంగతి నా వంతు. "ఆ గాయం మందుకు లొంగక కాదండీ. మేమే మాననివ్వలేదు. రోజూ దాని మీదే నడిపించాం. బరువు పడకుండా కొన్నాళ్ళు చూడనివ్వండి," అన్నాను.

సర్జన్ గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "నువ్వెవరు?"

"ఫార్మసీ స్టూడెంట్‌నండీ."

"అయితే వెళ్ళి మాత్రలు లెక్కపెట్టుకో."

నేను మళ్ళీ నోరు తెరిచేలోపు కిరణ్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. సర్జరీ పరీక్షలో అతనికి మార్కులు వేయాల్సింది ఆయనే. "సార్, అతను చెప్పింది మా నలుగురి మాట. నన్నడిగినా అదే చెప్తాను." సుశీల గారు కిటికీ పక్కన, మమ్మల్ని ఎరగనట్టు, చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. సర్జన్ గారు కట్టు విప్పించి వంగి, మొదటిసారిగా ఆ గాయాన్ని చేత్తో తడిమి చూశారు. "జ్వరం లేదు. ఆదివారం దాకా ఆగుతాను. ఈలోగా చీము పట్టిందా, మీ మాట వినను," అని పక్క మంచానికి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఎవరు ఆ మంచం దగ్గరికెళ్ళినా ఒకటే మాట: కాలు కింద పెట్టొద్దు. కూర్చునే చేసే వ్యాయామాలు జానీ నేర్పాడు. ఆటోనగర్‌లో వాళ్ళ నాన్నది సీటు కవర్ల షాపు. అక్కడ మెత్తటి స్పాంజి కోయించి, పుండున్న చోట గుంట వదిలి చెప్పు కుట్టించాడు. ఆదివారానికి గాయం అంచుల్లో ఎర్రటి కొత్త కండ కనబడింది. సర్జన్ గారు వంగి చూశారు. మరో వారం ఆగమన్నారు. చివరికి ఒక వేలు పోయింది. పాదం నిలిచింది. ఆ చెప్పులేసుకుని బస్సెక్కడానికి బయల్దేరుతూ నాగరత్నమ్మ, "మీ నలుగురూ ఒక్క మాట మీదకొచ్చారు. మా ఇంట్లో అన్నదమ్ములకీ చెప్పండయ్యా," అని నవ్వించి పోయింది. సుశీల గారు మమ్మల్ని మెచ్చుకోలేదు. క్యాంటీన్‌లో టీ తాగుతూ, "మీకిప్పుడు గర్వంగా ఉందా? ఉండాలి," అన్నారంతే. ఆ గర్వం ఈనాటికీ నాలో తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.

నేను ఇప్పటికీ నాస్తికుణ్ణే. ఆవిడ అంత్యక్రియల ప్రార్థనలో నిలబడ్డాను గానీ పెదవి కదపలేదు. నమ్మనిది నటిస్తే ముందుగా ఆవిడే ఊరుకోరు. కానీ వ్యాసం రాసినా, మందు ఇచ్చినా ఆవిడ పద్ధతి నన్ను వదల్లేదు. నేను పనిచేసే ఆసుపత్రిలో మందుల చీటీ చేతికి రాగానే, అలమార వైపు తిరిగే ముందు, "మీకు ఇప్పటిదాకా ఎవరేం చెప్పారండీ?" అని అడుగుతాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మొన్న ఒక ముసలమ్మ చెప్పిన జవాబు విని పైఅంతస్తులోని కుర్ర డాక్టరుకు ఫోన్ చేశాను.

"నేను రాసింది ఇచ్చేయక మీకీ విచారణలెందుకండీ?" అన్నాడతను.

"మీరు రాసిన మాత్రనే మానేయమని కిడ్నీ డాక్టరు గారు నిన్న చెప్పారటండీ. ఈవిడ మీ ఇద్దర్నీ నమ్మింది. ఒక్కసారి కిందికి రండి, ఆయన్నీ పిలుస్తాను. ఈవిడ ముందే మాట్లాడుకుందాం."

అవతల ఫోన్ పెట్టేశాడు. తర్వాత మెట్ల మీద గబగబా దిగుతున్న బూట్ల చప్పుడు వినిపించింది. నేను ముసలమ్మకు స్టూలు వేశాను.