నాలుగు మెట్ల మెరక

బందరులో జిల్లా ఆఫీసులో ట్రేసరుగా చేరిన కొత్తలో నా పని నక్షాలకు రంగులు వేయడం. ఇళ్ళకు పసుపు, పొలాలకు ఆకుపచ్చ, మిల్లులూ ఫ్యాక్టరీలూ పెట్టుకోదగ్గ భూములకు ఊదా. ఏరోడ్రోము చుట్టుపక్కల మాత్రం ఊదా రంగు మీద ఒక షరతు కూడా రాయాలి: అక్కడ కట్టే ఏ పొగగొట్టమూ ఏరోడ్రోము నేల మట్టం నుంచి ఇన్ని అడుగులకు మించి లేవకూడదు.

ఆ షరతు నాచేత రాయించే ఓవర్సీరుగారంటే మొదట్లో నాకు ఒళ్ళుమంట. గీత వెంట్రుకవాసి పక్కకు పోతే మళ్ళీ గీయించేవారు. దివిసీమ మనిషి. ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూర్చునేవారు. అక్కడ కూడా కిటికీ చట్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూస్తున్నారని నా అనుమానం.

ఏరోడ్రోముకు దగ్గర్లో, గుడివాడ రోడ్డు పక్కన ఒకావిడ ఉప్పుడు బియ్యం మిల్లు కడుతున్నారు. భర్త పోయాక, ఆడదానికి మిల్లేమిటని అయినవాళ్ళే నవ్వినా వినకుండా మొదలుపెట్టారు. కోతలయి కుప్పలు నూర్చేలోగా లైసెన్సు రాకపోతే రైతులు ఆవిడకు ఒప్పుకున్న ధాన్యం గుడివాడ మిల్లులకు వెళ్ళిపోతుంది. అప్పుడు ఆ మిల్లు పుట్టకముందే పోయినట్టు. ప్లాను మా ఓవర్సీరుగారే చూసి సంతకం పెట్టారు, నేనే ట్రేసు చేశాను. గొట్టం ఎత్తు షరతుకు సరిగ్గా సరిపోయింది.

గొట్టం పూర్తయిందని కబురొస్తే తనిఖీకి వెళ్ళాం. పామర్రులో ఒక బస్సు, గుడివాడలో ఇంకో బస్సు మారేసరికి నా నడుం విరిగింది. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. ఓవర్సీరుగారు మిల్లు మెట్లెక్కుతూ మూడో మెట్టు మీద ఆగిపోయారు. వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశారు. కిందికి దిగి, ఈసారి లెక్కపెడుతూ ఎక్కారు. నాలుగు మెట్లు, ఒక్కోటీ అడుగెత్తు.

మా వైపు ఎవరేం కట్టినా ముందు మట్టి తోలించి మెరక చేస్తారు. వరదలు చూసినవాళ్ళం, ఆ మెరక మీది నుంచే మాకు నేల మొదలు. దాన్ని కూడా కొలతలో కలపాలన్న ఆలోచన ఆవిడకూ రాలేదు, మేస్త్రీకీ రాలేదు, మా ఇద్దరికీ రాలేదు. గొట్టాన్ని అందరం మిల్లు గచ్చు నుంచే కొలిచాం. ఏరోడ్రోము నేల నుంచి కొలిస్తే నాలుగడుగులు ఎక్కువ.

"ఎవరికి తెలుస్తుందండీ? ప్లానులోనూ గచ్చు నుంచే ఉందిగా," అన్నాను మెల్లగా. ఆవిణ్ణి చూస్తే జాలేసింది. మళ్ళీ ప్లాను గీయాలన్న బద్ధకమూ ఉంది, దాచడమెందుకు.

"పైన విమానం నడిపేవాడికి మన మెరక సంగతి తెలియదు కదమ్మా," అన్నారాయన నాతో.

తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదమ్మా. సంతకం పెట్టింది నేను. గొట్టం నాలుగడుగులు దించాలి," అని చెప్పేశారు.

"దించితే పొగ లాగదండి. అంతా లోపలికే తంతుంది. ఇక ధాన్యం ఉడకబెట్టేదెలా?" అన్నారావిడ. ఏడవలేదు, బతిమాలలేదు. అందుకే నాకు ఇంకా కష్టమనిపించింది.

ఆయన గొట్టం మొదట్లో గొంతుక్కూర్చుని మట్టిని చేత్తో తీసి చూశారు. మేస్త్రీని పిలిచి, "గొట్టాన్ని మెరక మీంచి లేపారా, పాత నేలలోంచా?" అని అడిగారు.

"గట్టి నేల తగిలేదాకా తవ్వి లేపామండి."

"అయితే బాయిలరు పొయ్యినే నాలుగడుగులు కిందికి దించుదాం. పొయ్యి నుంచి కొసదాకా గొట్టం ఎత్తు తగ్గదు, పైన తీసేసింది కింద కలిసొస్తుంది."

అదృష్టం బాగుండి బాయిలరు ఇంకా బిగించలేదు. ఆవిడకు మాత్రం అనుమానం తీరలేదు. "వరదొస్తే పొయ్యిలోకి నీళ్ళొస్తాయి కదండీ."

"వరదొచ్చిన రోజు మిల్లు ఎలాగూ ఆడదమ్మా. ధాన్యం మెరక మీదే ఉంటుంది. నీళ్ళు తీశాక పొయ్యి ఆరబెట్టుకుందురుగాని."

ఆఫీసుకొచ్చి పై అధికారికి తన చేత్తోనే రాశారు: కొలత తప్పు నాది, ఆవిడచేత మళ్ళీ దరఖాస్తు పెట్టించవద్దు అని. చీవాట్లు తిన్నారు. ఆ ఏడు రావలసిన ప్రమోషను పక్క బల్ల ఆయనకు వెళ్ళింది. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే మా నాన్నకు ఈ సంగతి చెప్తే, "గిల్టుని గిల్టని చెప్పి అమ్మబట్టే మా ఊరు నిలబడింది. మీ ఓవర్సీరూ అలాంటివాడే," అన్నాడు. నా ఒళ్ళుమంట అప్పటికే పోయింది. ఆయన గీత మళ్ళీ గీయమంటే విసుక్కోవడం మానేశాను.

కుప్పలు నూర్చే వేళకు లైసెన్సు వచ్చింది. మొదటిరోజు ధాన్యం బళ్ళు రోడ్డు పొడుగునా బారు తీరాయి. ఆవిడ ఓవర్సీరుగారి చేతికి అగ్గిపెట్టె ఇచ్చి, పొయ్యి మీరే వెలిగించండి అన్నారు. అది ఇంటి పెద్ద చేయవలసిన పని. ఆయన వెనక్కి తగ్గారు.

"నా వల్లే కదమ్మా మీకింత శ్రమ."

"ఆ రోజు మీరు మెట్ల మీద ఆగకపోతే, తర్వాత ఎవరో వచ్చి మిల్లే ఆపించేవారండి. దిగండి."

ఆయన చెప్పులు విప్పి, కొత్తగా కట్టిన నాలుగు మెట్లూ దిగి గోతిలోకి వెళ్ళారు. ఊక అంటుకుంది. అందరూ తలలెత్తి గొట్టం చివర పొగ కోసం చూస్తున్నారు. నేను మాత్రం గోతిలో వంగి, ఊక ఎగదోస్తున్న ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.