తివ్దాలిస్ గారూ, తలుపురాయీ

పూర్వం లిడియా దేశపు సార్దిస్ నగరంలో ఆలయ లేఖకులైన తివ్దాలిస్ గారి చెవిన ఏ మాట పడినా, దాని పుట్టుక తేలేదాకా ఆయన దానిని ముందుకు కదలనిచ్చేవారు కాదు. సంతలో ఒకడు మూట లాక్కొని పరుగెత్తినప్పుడు "దొంగ" అని అరవబోయి, ఆ మాట లిడియా వారి సొంతమా, పొరుగున ఉన్న అయోనియా వారి వద్దనుండి తెచ్చుకున్నదా అన్న విచారంలో పడ్డారు. విచారం ముగిసేసరికి దొంగ పాక్టోలస్ నదిని దాటి, మూటలోని అత్తిపళ్ళను కూడా ముగించాడు.

అట్టివారితో నిత్యం పని పడడం రాతిపనివాడైన అటాస్ తలరాత. సమాధి తలుపురాతిపై తివ్దాలిస్ గారు బొగ్గుతో అక్షరాలు గీయవలెను, వారసుడు సాక్షుల ఎదుట సమ్మతించవలెను, అటాస్ చెక్కవలెను. రాతిపై పేరున్నవారికే లోపల చోటు.

ఆ వేసవిలో బకివాస్ మరణించగా, కొడుకు కుమ్లిస్ వచ్చి మూడు పేర్లు చెప్పాడు: తండ్రి, కన్నతల్లి, తాను. పెంచిన సవతితల్లి అఫియా ఊసెత్తలేదు.

"నాకు ఆయన పక్కన కాస్త చోటిస్తే చాలు నాయనా," అంది అఫియా.

"ఊరి బయట బోలెడంత చోటుంది పిన్నీ. పెద్దాయనా, త్వరగా కానీ. నాలుగో రోజుకి ఎఫెసుస్‌లో ఓడెక్కాలి."

తివ్దాలిస్ గారు బొగ్గు ఎత్తి, దించారు. "ఒరే అటాస్, ఈ రాతిని 'మ్రూ' అంటాం గదా. ఎక్కణ్ణించి వచ్చిందంటావు?"

"కొండమీంచి. ఎద్దుబండిలో."

"రాయి కాదురా, మాట."

బండి ఇరుసు మూలుగులోంచే ఆ మాట పుట్టినదని సాయంత్రానికి నిర్ధారించారు. మర్నాడు ఇరుసుకు నూనె రాయించి మళ్ళీ విని, ఆ నిర్ధారణను రద్దు చేశారు. మూడోనాడు "తండ్రి" అన్న మాట వద్ద కళ్ళు మూసుకోగానే కుమ్లిస్ నెత్తి కొట్టుకున్నాడు.

"నీకో దండం. నీ ఇష్టమొచ్చింది రాసుకో, నాకు సమ్మతమే. ఇక్కడ చుట్టూ చేరినవాళ్ళంతా సాక్షులు." గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

గుర్రం మలుపు తిరిగిందో లేదో, తివ్దాలిస్ గారు రాయంతా ఒక్క ఊపున నింపేశారు. ఒక్క మాట పుట్టుకా విచారించలేదు. నాలుగో పేరు అఫియా.

అటాస్ నోరు వెళ్ళబెట్టాడు. "తాతా, మూడు రోజుల రభసా ఇందుకా?"

"మాటలాపి చెక్కరా. వాడేదో మరిచిపోయి తిరిగొస్తే చస్తాం."

రెండు నెలలకు కుమ్లిస్ ఊరు చేరి, రాయి చదివి, అటాస్ చేతిలోని ఉలి లాక్కున్నాడు. నాలుగో పేరుపై ఆనించాడు. సరిగ్గా దాని కిందనే, లిడియాలో ప్రతి సమాధిపైనా ఉండే పంక్తి ఉన్నది: ఇందులో ఒక్క అక్షరం చెరిపినవాని ఇంటినీ, పొలాన్నీ, సంతానాన్నీ ఆర్టెమిస్ దేవి తుడిచిపెట్టుగాక.

ఉలి ఆగింది.

"ఇది బయటివాళ్ళకే గదా?" అన్నాడు కుమ్లిస్ మెల్లగా.

"ఏమో బాబూ. తివ్దాలిస్ గారిని అడిగి చూడండి."

కుమ్లిస్ గబుక్కున ఉలి తిరిగి ఇచ్చేశాడు. దారిలో నిలబడి చూస్తున్న అఫియా వైపు నడిచాడు.

"పిన్నీ, ఇంట్లో తినడానికేమైనా ఉందా?"

"ఎందుకు లేదు, రా. ఆ పెద్దాయన కూడా పొద్దుటినుంచీ మనింట్లోనే కూర్చున్నాడు. ఇంకా 'రొట్టె' దగ్గరే ఉన్నాడు, కూర నీకు మిగిలే ఉంటుంది."